సగటు లెక్కకు అందని పగులు

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం నింపుకొన్న గూడ్సు రైలు కిరండూల్ నుంచి కొత్తవలస చేరేసరికి 440 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. వ్యాగన్ చక్రం వ్యాసం సుమారు ఒక మీటరు. అంటే కిలోమీటరుకు దాదాపు 318 చుట్లు. ఆ ఒక్క ప్రయాణంలోనే ప్రతి ఇరుసూ సుమారు 1,40,000 సార్లు తిరుగుతుంది. వ్యాగన్ బరువు ఇరుసు రెండు కొసల మీద పడుతుంది, దాన్ని మోసే చక్రాలు ఆ కొసలకు కాస్త లోపలగా ఉంటాయి. అందువల్ల చక్రాల నడుమ ఇరుసు కంటికి కనిపించనంత కొద్దిగా పైకి ఉబికి ఉంటుంది. దాని ఉపరితలం మీద ఒక చుక్కను గుర్తు పెట్టుకుంటే, అది పైన ఉన్నప్పుడు అక్కడి ఉక్కు సాగుతుంది, అరచుట్టు తిరిగి కిందికి వచ్చేసరికి నొక్కుకుంటుంది. మోసే బరువు మారకపోయినా చుట్టుకొకసారి లాగుడూ నొక్కుడూ రెండూ తప్పవు. ఖాళీగా తిరిగి వెళ్లిన దూరాన్ని పక్కన పెట్టి, ఖనిజంతో వచ్చిన ప్రయాణాలనే లెక్కపెట్టినా, ఎనిమిది ప్రయాణాలు పూర్తయ్యేసరికి ఈ లెక్క పది లక్షలు దాటుతుంది.

ఇందులో ఏ ఒక్క లాగుడూ ఉక్కును విరిచేంత పెద్దది కాదు. విరవడం అటుంచి, ఇరుసును శాశ్వతంగా వంచేంత పెద్దది కూడా కాదు. అయినా ఇరుసులు విరిగిన చరిత్ర పెద్దదే. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు తిరిగి వస్తున్న రైలు ఇంజన్ ఇరుసు విరిగి 50 మందికి పైగా చనిపోయారు. తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైల్వే ఇరుసుల మీద ఓపికగా పరీక్షలు నడిపి, ఎంత ప్రతిబలం (లోహంలో ఒక్కో చదరపు మేర మోసే బలం) కింద ఎన్ని ఆవృత్తులకు (ఒక లాగుడూ ఒక నొక్కుడూ కలిస్తే ఒక ఆవృత్తి) లోహం విరుగుతుందో తేల్చాడు. గరిష్ఠ ప్రతిబలం కన్నా, అది ఎంత మేర అటూ ఇటూ ఊగుతోందన్నదే ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుందని కూడా గుర్తించాడు. నేటికీ ఇంజనీరింగ్ విద్యార్థి నేర్చుకునే ఫెటీగ్ (మళ్లీ మళ్లీ పడే బరువుకు లోహం అలసిపోవడం) పాఠం ఆయన గీసిన దారిలోనే మొదలవుతుంది.

ఆ పాఠంలో ఒక లోటు ఉంది. ఒకే కడ్డీ నుంచి కోసి, ఒకేలా నునుపు చేసి, ఒకే ప్రతిబలం కింద పరీక్షించిన ముక్కల ఆయుష్షుల్లో, ముఖ్యంగా ప్రతిబలం తక్కువగా ఉన్నప్పుడు, పది రెట్ల తేడా రావడం మామూలే. చాలా పుస్తకాలు ఆ చుక్కల గుంపు మధ్య నుంచి ఒక గీత గీసి ముందుకు వెళ్లిపోతాయి. చెదిరిన చుక్కలు పరీక్షలోని లోపంగా మిగిలిపోతాయి. నిజానికి అసలు సమాచారం ఆ చెదరుబాటులోనే ఉంది. లోహం గుండుగుత్తగా అలసిపోదు. కోట్ల స్ఫటిక రేణువుల్లో ఏ ఒకటో రెండో ముందుగా దెబ్బతింటాయి, పగులు అక్కడ పుడుతుంది, మిగిలిన లోహమంతా బాగానే ఉండగా వస్తువు విరుగుతుంది. కాబట్టి సగటు లోహాన్ని లెక్కగట్టే గణిత నమూనా ఎంత పకడ్బందీగా ఉన్నా, విరిగే చోటును అది చూడలేదు.

రేణువు లోపల

కంటికి ఏకఖండంగా కనిపించే రాగి ముక్కలో ప్రతి రేణువూ ఒక స్ఫటికమే. దాని లోపల పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి, ఆ వరుసల దిశ మాత్రం రేణువుకీ రేణువుకీ మారుతుంది. ఈ దిశ ప్రభావం చిన్నదేమీ కాదు. రాగి స్ఫటికాన్ని దాని ఘనం అంచు వెంబడి లాగితే యంగ్ గుణకం (సాగకుండా ఎంత బిర్రుగా ఉంటుందో చెప్పే కొలత) సుమారు 67 గిగాపాస్కల్, మూల నుంచి ఎదురు మూలకు పోయే కర్ణం వెంబడి లాగితే సుమారు 190. ఒకే లోహం, దాదాపు మూడు రెట్ల తేడా. పక్కపక్కనే ఉన్న రెండు రేణువుల్లో ఒకటి మెతకగా, మరొకటి బిర్రుగా ప్రవర్తిస్తే బయటి బరువు వాటి మధ్య సమానంగా పంచుకోవడం కుదరదు. సరిహద్దు దగ్గర ప్రతిబలం పోగుపడుతుంది. శాశ్వత వికృతి, అంటే బరువు తీసేసినా పోని ఆకార మార్పు, మొదలుకాకముందే ఉండే అసమానత ఇది.

ఇక శాశ్వత వికృతి సంగతి. స్ఫటికం వంగినప్పుడు పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. రాగి, అల్యూమినియం, ఇత్తడి లాంటి లోహాల్లో అలా జారడానికి నాలుగు తలాలు, ఒక్కో తలంలో మూడు దిశలు, మొత్తం 12 దారులు ఉంటాయి. బయటి లాగుడులో ఎంత వాటా ఏ దారికి చేరుతుందన్నది కోణాల లెక్క. తలమూ దిశా రెండూ లాగే దిశకు 45 డిగ్రీల్లో ఉంటే సగం చేరుతుంది, అంతకు మించి ఎప్పుడూ చేరదు. దిశ కలిసిరాని రేణువుకు అందులో దాదాపు సగమే దక్కవచ్చు. అందుకే ఒక రేణువు జారిపోతుంటే దాని పొరుగుది కదలకుండా నిలబడుతుంది.

పొర మొత్తం ఒకేసారి జారాలంటే ఎంత బలం కావాలో 1926లో యాకోవ్ ఫ్రెంకెల్ లెక్కగట్టాడు. రాగికి అది వేల మెగాపాస్కళ్లలో (మెగాపాస్కల్ అంటే గిగాపాస్కల్‌లో వెయ్యో వంతు) వస్తుంది. అసలు శుద్ధమైన రాగి స్ఫటికమో, ఒక మెగాపాస్కల్ అటూ ఇటూ అయ్యేసరికే జారడం మొదలుపెడుతుంది. ఇంత అంతరానికి సమాధానం 1934లో టేలర్, ఒరోవాన్, పోలానీ విడివిడిగా ఇచ్చారు. పొర అంతా ఒక్కసారి కదలదు, అందులో డిస్‌లొకేషన్ అనే వరుస లోపం ఒకటి కదులుతూ పోతుంది. కళ్లంలో పరిచిన పెద్ద టార్పాలిన్‌ను ఒక్కసారిగా లాగడం కష్టం. ఒక చివర చిన్న మడత లేపి, ఆ మడతను రెండో చివరిదాకా తోసుకుంటూ పోతే పట్టా మొత్తం సులువుగా జరుగుతుంది. డిస్‌లొకేషన్ దాటిపోయాక స్ఫటికం ఒక అడుగు పక్కకు జరిగి ఉంటుంది. రాగిలో ఆ అడుగు నానోమీటరులో నాలుగో వంతు.

బుడితి సుత్తి దెబ్బలో ఉన్నది, లేనిది

శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పాత్రలు చేసే పనివారికి ఈ డిస్‌లొకేషన్ల సంగతి చేతికి తెలుసు. సుత్తి దెబ్బలు తినేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. అలాగే కొడుతూ పోతే అంచు చీలుతుంది. అందుకే మధ్యలో ఆపి, కొలిమిలో కాల్చి మెత్తబరిచి, మళ్లీ పని మొదలుపెట్టాలి. దెబ్బ దెబ్బకూ డిస్‌లొకేషన్లు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుముడి పడటమే ఈ గట్టిపడటం. కాల్చినప్పుడు ఆ చిక్కు విడిపోయి కొత్త రేణువులు పుడతాయి.

కానీ సుత్తి దెబ్బ ఒకవైపే పడుతుంది. ఇరుసులోని ఉక్కు రెండు వైపులా కదలాలి. అప్పుడు లోహం మరో గుణం చూపుతుంది. ఒక దిశలో లాగి గట్టిపరిచిన ముక్కను వెనక్కి నొక్కితే, అది గట్టిపడినట్టే ఉండదు, ముందుకన్నా తక్కువ బలానికే లొంగుతుంది. 1880ల్లో యోహాన్ బౌషింగర్ గమనించిన ఈ ప్రభావానికి కారణం కూడా చిక్కుముడుల్లోనే ఉంది. అడ్డు దగ్గర ఆగి బారులు తీరిన డిస్‌లొకేషన్లు వెనక్కి తోస్తూ ఉంటాయి. వెనక్కి వెళ్లే అవకాశం దొరగ్గానే ఆ తోపుడు తోడవుతుంది.

ఈ ముందుకూ వెనక్కూ కదలిక వేల సార్లు సాగితే ఏం జరుగుతుందో 1903లోనే ఈవింగ్, హంఫ్రీ చూశారు. మెరుగుపెట్టిన స్వీడిష్ ఇనుమును అటూ ఇటూ వంచుతూ మధ్యమధ్యలో మైక్రోస్కోపు కింద పెట్టారు. మొదట కొన్ని రేణువుల్లో మాత్రమే సన్నని జారుడు గీతలు కనిపించాయి. ఆవృత్తులు పెరిగేకొద్దీ ఆ గీతలు వెడల్పై పట్టీలయ్యాయి, చివరికి ఆ పట్టీల్లోనే పగుళ్లు పుట్టాయి. 1956లో థాంప్సన్, వాడ్స్‌వర్త్, లూవా రాగి మీద ఇంకో అడుగు వేశారు. పట్టీలు కనిపించిన ఉపరితలాన్ని అరగదీసి శుభ్రం చేసి, మళ్లీ అదే బరువు పెట్టారు. పట్టీలు సరిగ్గా అవే చోట్ల తిరిగి వచ్చాయి. అంటే అవి పైపై గీతలు కావు, లోహం లోపల స్థిరపడిన మెత్తని పొరలు. మొండి జారుడు పట్టీలు అనదగినవి.

రాగి ఏక స్ఫటికాల్లో, అంటే ముక్క మొత్తం ఒకే రేణువైన చోట, ఈ పట్టీలను లోతుగా కొలిచారు. బయటి వికృతిని ఎంత పెంచినా, ఒక విస్తృతమైన మేర జారుడు ప్రతిబలం 28 మెగాపాస్కల్ దగ్గరే నిలిచిపోతుంది. పెరిగిన వికృతినంతా కొత్తగా పుట్టిన పట్టీలు మోస్తాయి. పట్టీ లోపల శాశ్వత జారుడు వికృతి సుమారు 0.75 శాతం, చుట్టూ ఉన్న లోహంలో 0.006 శాతం మాత్రమే. నూరు రెట్లకు పైగా తేడా. పట్టీ లోపల డిస్‌లొకేషన్లు నిచ్చెన మెట్లలా గోడలు కట్టుకుంటాయి, గోడకూ గోడకూ మధ్య దూరం మైక్రోమీటరు కన్నా కొద్దిగా ఎక్కువ. ముందుకు జారినది పూర్తిగా వెనక్కి రాదు. ఆ మిగులు పోగై ఉపరితలం మీద ఒకచోట సన్నని రేకు బయటికి పొడుచుకొస్తుంది, పక్కనే సన్నని గాడి లోపలికి దిగుతుంది. ఆ గాడే పగులుకు మొదటి రూపం. ఇత్తడి విషయంలో మాత్రం రాగి బొమ్మను ఉన్నదున్నట్టు దించకూడదు. జింకు కలిసిన స్ఫటికంలో డిస్‌లొకేషన్లు ఒక తలం వదిలి మరో తలానికి సులభంగా మారలేవు, అందువల్ల నిచ్చెనలు అంత స్పష్టంగా కట్టవు. జారుడు తలాల వెంబడే పోగుపడుతుంది, జంట స్ఫటికాల (ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే భాగాల) సరిహద్దులు బలహీనమైన చోట్లవుతాయి.

కంప్యూటర్‌లో కట్టే స్ఫటికం

స్ఫటిక ప్లాస్టిసిటీ (స్ఫటికాల్లో శాశ్వత వికృతి) నమూనా అనేది ఈ కథనంతటినీ సమీకరణాల్లోకి తెచ్చే ప్రయత్నం. ముందుగా కొన్ని వందల రేణువుల పటం కావాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఈబీఎస్‌డీ (ముక్క నుంచి వెనక్కి చెదిరే ఎలక్ట్రాన్ల ఆకృతిని చూసే) పద్ధతితో ఏ రేణువు ఏ దిశలో ఉందో తీసుకుంటారు. ప్రతి రేణువుకూ దిశను బట్టి మారే స్థితిస్థాపకత ఇస్తారు. 12 దారుల్లో ప్రతిదానికీ ఒక నిరోధం ఉంటుంది. ఆ దారికి చేరిన ప్రతిబలం నిరోధానికి దగ్గరయ్యేకొద్దీ జారుడు వేగం బాగా నిటారుగా పెరిగేలా సూత్రం రాస్తారు. జారినకొద్దీ నిరోధం పెరుగుతుంది. తన దారిలో జారుడుతోనే కాదు, పక్క దారుల్లో జారుడుతో కూడా పెరుగుతుంది. బౌషింగర్ ప్రభావం కోసం వెనుతోపుడు అనే మరో రాశిని కలుపుతారు. ఆపైన రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉండాలి, బలాలు సరితూగాలి అన్న షరతులతో మొత్తం లెక్క నడుస్తుంది. 1938లో టేలర్ రేణువులన్నింటికీ ఒకే వికృతి అనుకుని మొదలుపెట్టిన ఆలోచన ఇది. 1972లో హిల్, రైస్ గట్టి గణిత రూపం ఇచ్చారు. ఇప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో తయారైన డమాస్క్ వంటి సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ చేతికి రావడం సులువైనకొద్దీ ఒక తప్పు అలవాటు కూడా పెరిగింది. నమూనాలోని స్థిరాంకాలను ఒకే ఒక్క లాగుడు పరీక్ష నుంచి తీసి, వాటితో ఫెటీగ్ ఆయుష్షు చెప్పేయడం. ఇది ఎందుకు చెల్లదో చిన్న అంకెలతో చూడవచ్చు.

ఒక లోహం 100 మెగాపాస్కల్ దగ్గర లొంగడం మొదలుపెట్టి, లాగుతూ పోతే 160కి గట్టిపడిందనుకుందాం. ఆ 60 పెరుగుదలను రెండు రకాలుగా వివరించవచ్చు. నిరోధమే 160కి పెరిగిందనేది మొదటి నమూనా. నిరోధం 100 దగ్గరే ఉంది, మిగిలిన 60 వెనుతోపుడు అనేది రెండో నమూనా. లాగుడు గీత మీద రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా కూర్చుంటాయి. ఇప్పుడు దిశ తిప్పుదాం. మొదటి నమూనాలో లోహం మైనస్ 160 దాకా లొంగదు. రెండో నమూనాలో మైనస్ 40కే లొంగుతుంది. ఆపైన ప్లస్ 130, మైనస్ 130 మధ్య ఊగిస్తే, ఊగే మేర 260. మొదటి నమూనాలో లొంగకుండా ఓర్చుకునే మేర 320 కాబట్టి శాశ్వత జారుడు సున్నా, ఆయుష్షు అనంతం. రెండోదానిలో ఆ మేర 200 మాత్రమే కాబట్టి ప్రతి ఆవృత్తిలోనూ జారుడు తప్పదు, పగులు రావడం ఖాయం. ఒకే పరీక్షకు సమానంగా సరిపోయిన రెండు లెక్కలు, ఒకటి ఎన్నటికీ విరగదంటుంది, రెండోది విరుగుతుందంటుంది. అసలు లోహం ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది. ఎక్కడన్నది లాగి, వెనక్కి నొక్కి చూస్తే తప్ప తెలియదు. కాబట్టి కనీసం రెండు మూడు వికృతి స్థాయిల్లో స్థిరపడిన హిస్టెరిసిస్ వలయాలు (లాగి, వెనక్కి నొక్కినప్పుడు ప్రతిబలం, వికృతి కలిసి గీసే మూసిన గీతలు) లేకుండా చెప్పిన ఫెటీగ్ అంచనాకు విలువ ఇవ్వకూడదు.

వలయాలు కుదిరినా పని సగమే అయినట్టు. వలయం మళ్లీ సగటే. ఒక దారి జారుడు పక్క దారిని ఎంత గట్టిపరుస్తుందన్న స్థిరాంకాన్ని మార్చి, మరో స్థిరాంకంతో సర్దితే బయటి వలయం దాదాపు అలాగే ఉంటుంది, లోపల ఏ రేణువు ఎక్కువ జారుతుందన్నది మారిపోతుంది. పగులు పుట్టే చోటు మారిపోతుంది. దీన్ని తేల్చాలంటే ఉపరితలం మీద సన్నని చుక్కలు చల్లి, ఫోటోల్లో అవి ఎంత జరిగాయో పోల్చి, రేణువు రేణువుకూ వికృతి కొలవాలి. అప్పుడు కూడా ఒక చిక్కు మిగులుతుంది. కెమెరా చూసేది పై పొరనే. కింద ఏ దిశ రేణువు ఆనుకుని ఉందో తెలియదు, పై రేణువు కదలికను అది గట్టిగానే ప్రభావితం చేస్తుంది.

ఆవృత్తుల సంఖ్య మరో అడ్డంకి. వందల రేణువుల నమూనాలో ఒక్క ఆవృత్తి నడపడానికే గంటలు పట్టవచ్చు. ఇరుసుకు కావలసిన పది లక్షల ఆవృత్తులు నడపడం అసాధ్యం. అందుకే కొన్ని ఆవృత్తులు నడిపి, వలయం నిలకడగా అయ్యాక, ప్రతి రేణువులో ఆవృత్తికి ఎంత జారుడు పోగవుతోంది, ఆ జారుడు తలాన్ని తెరిచే లాగుడు ఎంత ఉంది అన్న సూచికలు తీస్తారు. అక్కడి నుంచి ముందుకు పొడిగిస్తారు. ఏ రేణువులు ప్రమాదంలో ఉన్నాయో వరుస చెప్పడానికి ఈ సూచికలు బాగా పనికొస్తాయి. ఎన్ని ఆవృత్తులకు అన్న అంకె చెప్పేటప్పుడు మాత్రం ఎక్కడో ఒకచోట ప్రయోగం నుంచి తెచ్చిన గుణకం కలుస్తుంది. ఆ సంగతి దాచకూడదు.

ఇంత శ్రమ అవసరమా అనే ప్రశ్నకు విమాన ఇంజన్లు జవాబిచ్చాయి. 2017 సెప్టెంబర్ 30న పారిస్ నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 విమానం గ్రీన్‌లాండ్ మీదుగా ఎగురుతుండగా ఒక ఇంజన్ ముందు ఫ్యాన్ విడిపోయి ఊడిపడింది. ప్రాణనష్టం జరగలేదు. మంచులో కూరుకుపోయిన ఫ్యాన్ హబ్ (రెక్కలు బిగించే నడిమి భాగం) ముక్కను 2019లో తవ్వి తీశారు. టైటానియం మిశ్రమంతో చేసిన ఆ హబ్‌లో, ఉపరితలానికి కింద, దాదాపు ఒకే దిశలో ఉన్న రేణువులు పెద్ద గుంపుగా పోగైన చోట పగులు పుట్టిందని ఫ్రెంచ్ దర్యాప్తు సంస్థ తేల్చింది. ప్రతి ప్రయాణంలో బరువు కొంతసేపు నిలిచి ఉండటం వల్ల, మెతక దిశ రేణువులు నెమ్మదిగా జారి తమ భారాన్ని పక్కనున్న బిర్రు రేణువుల మీదికి నెట్టాయి. రూపకల్పనలో అనుకున్న ఆయుష్షుకు చాలా ముందే అది విరిగింది. సగటు బలం లెక్కలో ఆ లోహానికి ఏ లోటూ లేదు. రేణువుల దిశ తెలియని ఏ లెక్కా ఆ చోటును పట్టుకోలేదు. కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలో ఉన్న ఇల్మనైట్ టైటానియానికి ముడి ఖనిజమే. ఇసుక ఎంత విలువైనదో చెప్పే మాటలు చాలా వినిపిస్తాయి, లోహంగా మారాక దాని రేణువులను అదుపు చేసే విద్య గురించి మాట తక్కువ. ఆ విద్యలోనే ఎక్కువ విలువ ఉంది.

క్రాసింగ్ మీద దెబ్బ

నమూనాలు ఇప్పటికీ తడబడే చోటు విజయనగరం జంక్షన్‌లోనే ఉంది. ఒక పట్టా మరో పట్టాను దాటే చోట బిగించే క్రాసింగ్‌ను మాంగనీసు ఉక్కుతో పోత పోస్తారు. రైల్వే వాళ్లు సీఎంఎస్ (కాస్ట్ మాంగనీస్ స్టీల్) క్రాసింగ్ అంటారు. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కులో మాంగనీసు 12 నుంచి 14 శాతం ఉంటుంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది కూడా ఈ ప్రాంతంలోనే, గరివిడి ఫెర్రో మాంగనీసుకు (ఉక్కు తయారీలో కలిపే ఇనుము, మాంగనీసు మిశ్రమం) వెనుక ఉన్న చరిత్ర అదే. చక్రం ఆ సందు దాటేటప్పుడు దెబ్బ కొడుతుంది. దెబ్బ తిన్నకొద్దీ ఉక్కు పై పొర గట్టిపడి, బ్రినెల్ కాఠిన్యం (గట్టి గోళీతో నొక్కి కొలిచే గట్టిదనం) 200 దగ్గర మొదలై 500 దాకా చేరగలదు.

ఇక్కడ మామూలు జారుడు ఒక్కటే పనిచేయదు. స్ఫటికంలో ఒక భాగం అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి జంట స్ఫటికాలు పుడతాయి. ప్రతి జంట సరిహద్దూ డిస్‌లొకేషన్లకు కొత్త గోడ. నమూనాలో 12 జారుడు దారులకు తోడు మరో 12 జంట దారులు చేర్చాలి. అవి ఒకే దిక్కుకు పనిచేస్తాయి, వెనక్కి తిప్పితే అదే నియమం వర్తించదు. దెబ్బ వేగం, పుట్టే వేడి, పోతలో మిగిలిన చిన్న రంధ్రాలు అన్నీ కలుస్తాయి. గట్టిపడటం మేలు చేస్తూనే, గట్టి పొర కింద పగుళ్లు పాకి పెచ్చులూడటం అదే చోట జరుగుతుంది. ఈ రెండూ ఎక్కడ ఒకదాన్నొకటి మించుతాయో స్ఫటిక స్థాయి నుంచి లెక్కగట్టి నమ్మకంగా చెప్పే నమూనా ఇంకా చేతికి రాలేదు. అందాకా అల్ట్రాసోనిక్ ట్రాలీతో పట్టాను పరీక్షించే సిబ్బంది పనికి ప్రత్యామ్నాయం లేదు. లెక్క చేయగల మేలు ఏమిటంటే, ఏ చోట ఎంత తరచుగా చూడాలో వారికి ముందుగా చెప్పడం.

విజయనగరం, రాజాం, టెక్కలి ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ రంగంలోకి రావడానికి పెద్ద ప్రయోగశాల కోసం ఎదురుచూడనక్కర్లేదు. బుడితిలో వాడే లాంటి ఇత్తడి రేకు ముక్కను కాల్చి మెత్తబరిచి, అద్దంలా మెరుగుపెట్టి, ఆమ్లంతో రేణువుల సరిహద్దులు తేల్చాలి. ఒక్కసారికి మాత్రం పెద్ద సంస్థకు పంపి ఈబీఎస్‌డీ పటం తెప్పించుకోవాలి. లాగుడు పరీక్షతో సరిపెట్టకుండా, వెనక్కి తిప్పిన వలయాలు కూడా కొలిచి నమూనాకు స్థిరాంకాలు ఇవ్వాలి. ముక్కను వంచడం మొదలుపెట్టకముందే, ప్రమాదం ఎక్కువున్న పది రేణువుల పేర్లు నమూనా నుంచి తీసి, కాగితం మీద రాసి, గైడు సంతకం చేయించి పెట్టాలి. తర్వాతే ముక్కను అటూ ఇటూ వంచుతూ, నిర్ణీత ఆవృత్తులకొకసారి కళాశాల మైక్రోస్కోపు కింద ఫోటో తీయాలి. మొదటి పగుళ్లు వచ్చాక ఆ పదింటిలో ఎన్ని నిజంగా పగిలాయో, జాబితాలో లేని రేణువులు ఎన్ని పగిలాయో రెండు అంకెలూ ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలోనే వేయాలి, మొదటి అంకె సున్నా అయినా సరే.